ఉప్పునీటి తొట్టిలో నాచు మడి

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు కొన్ని ఫ్లాట్లలో, కొన్ని కంపెనీల ముందు గదుల్లో ఉప్పునీటి అక్వేరియాలు కనిపిస్తాయి. నారింజ రంగు మీద తెల్ల చారలున్న క్లౌన్ చేపలు, పసుపుపచ్చని టాంగ్ చేపలు తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. వచ్చినవాళ్లంతా పైనున్న చేపలను చూసి వెళ్లిపోతారు. తొట్టి కింద ఉన్న చెక్క తలుపు తీసి చూసేది మాత్రం దాన్ని శుభ్రం చేయడానికి వచ్చే కుర్రాడే. ఆ కుర్రాడు చేవెళ్ల నుంచో, శంకర్‌పల్లి నుంచో, షాబాద్ నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చిన రైతు బిడ్డ అయి ఉండవచ్చు. తలుపు తీస్తే లోపల ఇంకో చిన్న తొట్టి ఉంటుంది. దాని మీద గులాబీ రంగులో వెలిగే దీపం. నీళ్లలో చిక్కుపడిన పచ్చని నైలాన్ దారంలాంటి నాచు.

కరెంటు దీపం పెట్టి మరీ నాచు పెంచుతున్నారని ఊళ్లో చెబితే నవ్వుతారు. బావిలో, కుంటలో, వరి మడిలో పాచి పడితే ఎలా వదిలించుకోవాలా అని చూసే రైతుకు ఇది వింతగానే ఉంటుంది. నవ్వేవాళ్లు నవ్వగా, "అదేదో మనమే పెంచి అమ్మితే ఎట్లుంటది?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. నగరం అంచున అరెకరం, ఎకరం పొలంలో పాలకూర, కొత్తిమీర వేసి తెల్లవారకముందే కూకట్‌పల్లి రైతు బజారుకు మోసుకుపోయే రైతు ఇలా అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే చేతిలో ఉన్న నాలుగు రూపాయలు అందులో పెట్టేముందు ఆ నాచు ఎందుకు పెంచుతారో, ఎలా పెరుగుతుందో, దానికి ఏమేం కావాలో పూర్తిగా తెలుసుకోవాలి. అందులో మన పెరట్లో పనికొచ్చే సంగతులూ కొన్ని ఉన్నాయి.

నీళ్లలో పేరుకునే నత్రజని

చేపకు వేసే మేతలో మాంసకృత్తులు ఉంటాయి. వాటిలో నత్రజని ఉంటుంది. చేప తనకు కావలసింది వాడుకుని, మిగిలిన నత్రజనిని ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో నీళ్లలోకి వదిలేస్తుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్లినా అమ్మోనియానే వస్తుంది. ఇది చేపకు విషం. తొట్టిలోని రాళ్ల మీద, ఇసుకలో ఉండే బాక్టీరియా ఈ అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదం కాదు గానీ రోజూ కొంత కొంత పేరుకుపోతుంది. దాంతోపాటు భాస్వరం కూడా ఫాస్ఫేట్ రూపంలో చేరుతుంది.

రైతుకు ఇది కొత్త కథ కాదు. మెట్ట చేలో యూరియా వేసినప్పుడు కూడా అది ముందు అమ్మోనియాగా, గాలి తగిలే నేలలో నైట్రేట్‌గా మారుతుంది. అక్కడ పైరు దాన్ని పీల్చుకుంటుంది. అక్వేరియంలో పీల్చుకునే పైరు లేదు. అదే తేడా. పీల్చుకునేవి లేకపోతే ఆ ఎరువంతా ఏమవుతుంది? అద్దాల మీద, రాళ్ల మీద జిగురు పాచి పడుతుంది. నీళ్లు పచ్చబడతాయి.

మంచినీటి తొట్టి అయితే నాలుగు బకెట్లు తీసి నాలుగు బకెట్లు పోస్తే సరిపోతుంది. ఉప్పునీటి తొట్టికి అలా కుదరదు. హైదరాబాద్ నుంచి సముద్రానికి పోవాలంటే రోడ్డు మీద 300 కిలోమీటర్లు దాటాలి. కాబట్టి సముద్రపు నీళ్లను ఇక్కడే తయారు చేసుకుంటారు. ఆర్‌ఓ నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున ప్రత్యేకమైన ఉప్పు కలుపుతారు. వంటింటి ఉప్పు దీనికి పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం వంటివన్నీ సముద్రంలో ఉన్న పాళ్లలోనే ఉండాలి. 400 లీటర్ల తొట్టిలో పావు వంతు నీళ్లు మార్చాలంటే మూడున్నర కిలోల ఆ ఉప్పు కావాలి. అది కొనుక్కోవలసిన ఉప్పు. అందుకే నీళ్లు తక్కువ సార్లు మార్చి, పేరుకున్న ఎరువును ఇంకో దారిలో తీసేయాలని ఆలోచించారు. ఆ దారే నాచు.

అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ 1980 ప్రాంతంలోనే మ్యూజియంలో పెట్టిన పగడపు దిబ్బ తొట్టికి నాచు పరుపులు జోడించి నీళ్లను శుభ్రపరిచి చూపించాడు. ఇప్పుడు ఇళ్లలో వాడేది అదే ఆలోచనకు ఇంకో రూపం. దీన్ని రెఫ్యూజియం అంటారు. అంటే తలదాచుకునే చోటు. పెద్ద తొట్టిలో నాచు వేస్తే టాంగ్ వంటి చేపలు తినేస్తాయి. తినని చేపలుంటే నాచే తొట్టి అంతా ఆక్రమిస్తుంది. అందుకని దానికి వేరే తొట్టి. పైతొట్టి నుంచి పొంగిన నీళ్లు గొట్టం ద్వారా కిందికి దిగి, నాచు మధ్యగా పారి, పంపుతో మళ్లీ పైకి వెళతాయి. కంటికి సరిగా ఆనని చిన్న చిన్న రొయ్య జాతి పురుగులు ఆ నాచులో చేప నోటికి దొరక్కుండా పెరుగుతాయి. వాటిలో కొన్ని నీళ్లతో పైకి వెళ్లి చేపలకు మేతవుతాయి. పేరు అందుకే అలా వచ్చింది.

ఎక్కువమంది పెంచేది కీటోమార్ఫా అనే ఆకుపచ్చ నాచు. దీనికి వేళ్లు లేవు, మట్టి అక్కర్లేదు. గుప్పెడు వేస్తే ఉండలాగా పెరుగుతుంది. గ్రాసిలేరియా అనే ఎర్ర నాచును కూడా పెంచుతారు. కాలర్పా అనే ఇంకో నాచు చూడ్డానికి ద్రాక్ష గుత్తుల్లాగా, ఈకల్లాగా అందంగా ఉంటుంది గానీ దానితో ఒక చిక్కుంది. ఉన్నట్టుండి ఒక రాత్రిలో విత్తన కణాలు వదిలి తెల్లగా పాలిపోయి చచ్చిపోతుంది. అప్పటిదాకా పీల్చుకున్నదంతా మళ్లీ నీళ్లలోకే వచ్చి పడుతుంది. పొద్దున లేచి చూస్తే నీళ్లు పాలలా ఉంటాయి. కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు.

దీపం సంగతి

నాచు కూడా మొక్కలాంటిదే. ఎండ పడితేనే ఆహారం చేసుకుంటుంది. బల్ల కింద చీకట్లో ఉన్న నాచుకు ఎండ ఎక్కడ దొరుకుతుంది? అందుకే దీపం.

ఏ దీపం పెట్టాలన్న దాని మీద రకరకాల మాటలు వినిపిస్తాయి. అసలు విషయం ఇదీ. ఆకులోని పత్రహరితం వెలుతురులోని నీలం, ఎరుపు రంగులను బాగా పీల్చుకుంటుంది. ఆకుపచ్చను అంతగా పీల్చుకోకుండా తిప్పికొడుతుంది. ఆకు మన కంటికి పచ్చగా కనిపించేది అందుకే. కాబట్టి 450 నానోమీటర్ల దగ్గర నీలం, 660 నానోమీటర్ల దగ్గర ఎరుపు ఇచ్చే ఎల్‌ఈడీ దీపాలు తయారు చేశారు. ఆ రెండూ కలిసి గులాబీ రంగులో కనిపిస్తాయి. పాలీహౌస్‌లలోనూ, టిష్యూకల్చర్ గదుల్లోనూ వాడే దీపాలు ఇవే. అయితే ఆ గులాబీ దీపమే ఉండాలన్న నియమమేమీ లేదు. డబ్బా మీద 6500 కె అని రాసి ఉండే మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బులో కూడా ఈ రంగులన్నీ ఉంటాయి. దానితోనూ నాచు పెరుగుతుంది, కాస్త నిదానంగా పెరుగుతుందంతే. ఖరీదైన దీపం కొంటే తప్ప పెరగదని ఎవరైనా చెబితే అది దీపం అమ్ముకునే మాట.

సముద్రంలో అయితే ఎరుపు వెలుతురు పైనున్న కొద్ది మీటర్లలోనే నీళ్లలో కలిసిపోతుంది. లోతుకు వెళ్లేకొద్దీ నీలం, పచ్చ మిగులుతాయి. ఎర్ర నాచుల్లో ఆ మిగిలిన వెలుతురును పట్టుకునే వేరే రంగు పదార్థం ఉంటుంది. వాటి ఎరుపు దాని వల్లే. అడుగు లోతు తొట్టిలో ఈ బాధ లేదు. పైన వేసిన వెలుతురు కిందిదాకా చేరుతుంది, నాచు అడ్డుపడకపోతే.

ఎంత వెలుతురు కావాలి? మిట్టమధ్యాహ్నపు ఎండ లెక్కలో సుమారు లక్ష లక్స్ ఉంటుంది. అందులో పదో వంతు ఈ నాచుకు చాలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న తొట్టికి 20 నుంచి 30 వాట్ల ఎల్‌ఈడీని నీటి మీద ఆరు, ఎనిమిది అంగుళాల ఎత్తులో పెడితే సరిపోతుంది. దీపం మరీ దగ్గరగా పెడితే పై పొర తెల్లబడుతుంది. టమాట నారును నీడ నుంచి ఒక్కసారిగా ఎండలోకి తెస్తే ఆకు మాడినట్టే ఇదీ. కొత్త నాచు వేసినప్పుడు దీపం ఎత్తుగా పెట్టి, వారం పది రోజుల్లో కొద్ది కొద్దిగా దించుకోవాలి.

రోజుకు 12 నుంచి 16 గంటలు వెలిగించాలి. దీనికి టైమర్ పెట్టుకుంటారు. ఇక్కడ ఒక ముఖ్యమైన కిటుకు ఉంది. పైతొట్టి దీపం ఆరిపోయాక కింద నాచు దీపం వెలుగుతుంది. కింద దీపం ఆరే వేళకు పైన దీపం వెలుగుతుంది. ఎందుకలా? చేపలు, రాళ్ల మీది జీవాలు రాత్రంతా ఊపిరి పీలుస్తూ బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. అది నీళ్లలో కరిగి నీటిని పులుపు వైపు లాగుతుంది. పీహెచ్ తగ్గుతుంది. భీమవరం వైపు చేపల చెరువుల రైతులను అడిగితే చెబుతారు, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయని. రాత్రంతా ఎండ లేక నీళ్లలో ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరగడం వల్ల అలా జరుగుతుంది. అక్వేరియంలో రాత్రిపూట నాచుకు దీపం పెడితే అది బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ప్రాణవాయువు వదులుతుంది. పగలూ రాత్రీ నీళ్లు ఒకేలా ఉంటాయి. చెరువుకు ఇది చేయలేం గానీ వంద లీటర్ల తొట్టికి చేయవచ్చు.

నాచు ఉండ ఒక్కచోటే పడి ఉంటే పైభాగం పచ్చగా, అడుగు భాగం గోధుమ రంగుగా అవుతుంది. వెలుతురు అందక, మురికి పేరుకుని కుళ్లుతుంది. గడ్డివాము అడుగున తడి చేరితే ఏమవుతుందో మనకు తెలుసు కదా. అందుకే నీటి ధార నాచు ఉండను మెల్లగా దొర్లిస్తూ ఉండేలా పంపు అమర్చుతారు. అది లేకపోతే వారానికి రెండుసార్లు చేత్తో తిరగేయాలి.

రంగును చూసి నాచు ఆరోగ్యం చెప్పవచ్చు. చిక్కటి ఆకుపచ్చగా, వేలితో నొక్కితే గరుకుగా ఉంటే బాగున్నట్టు. లేత పసుపు రంగుకు తిరిగితే నత్రజని గానీ ఇనుము గానీ చాలలేదు, లేదా వెలుతురు ఎక్కువైంది. వరిలో నత్రజని తగ్గినప్పుడు ఆకు పాలిపోయే లక్షణమే ఇక్కడా కనిపిస్తుంది. మెత్తబడి చేతిలో విరిగిపోతుంటే చనిపోతున్నట్టు. వెంటనే తీసేయాలి. మీద మెరూన్ రంగు జిగురు పొర పడితే అది నాచు కాదు, వేరే సూక్ష్మజీవి. నీటి పారుదల తగ్గిందని అర్థం.

శుభ్రం చేసే పనికి వెళ్లే పిల్లలకు ఒక జాగ్రత్త చెప్పాలి. ఉప్పునీళ్లు మంచినీళ్లకన్నా చాలా బాగా కరెంటును పారనిస్తాయి. తుంపర్లు ఎండి ప్లగ్గుల్లోకి తెల్లగా ఉప్పు పాకుతుంది. దీపానికి నీళ్లు తగలకుండా అద్దం గానీ ప్లాస్టిక్ రేకు గానీ అడ్డం ఉండాలి. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉండాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క అక్కడే కింద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు. లీకు కరెంటును పట్టి సరఫరా ఆపేసే స్విచ్, అదే ఆర్‌సీసీబీ, ఉందో లేదో యజమానిని అడగాలి. అడగడానికి మొహమాటపడవద్దు. చెయ్యి నీళ్లలో పెట్టేముందు ప్లగ్గు తీసేయాలి.

కోస్తేనే శుభ్రం

నాచు పెరిగితే నీళ్లు శుభ్రమైనట్టే అనుకుంటే పొరపాటే. పెరిగిన నాచును బయటికి తీసినప్పుడే ఎరువు తొట్టి దాటుతుంది. తీయకుండా వదిలేస్తే చచ్చి కుళ్లి, పీల్చుకున్నది పీల్చుకున్నట్టు తిరిగి నీళ్లలోకి వస్తుంది. పరిస్థితులు అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపు కావడం మామూలే. అప్పుడు సగం గానీ మూడో వంతు గానీ తీసేసి మిగతాది ఉంచుతారు. పశువులకు లూసర్న్ కోసినట్టే.

లెక్క చూడండి. ఒక కిలో తడి నాచులో ఎండిన పదార్థం సుమారు 100 గ్రాములు. అందులో నత్రజని మూడు శాతం అనుకుంటే మూడు గ్రాములు. మూడు గ్రాముల నత్రజని అంటే 13 గ్రాముల నైట్రేట్‌తో సమానం. 400 లీటర్ల తొట్టిలో లీటరుకు 33 మిల్లీగ్రాముల నైట్రేట్ తగ్గినట్టు. అక్వేరియం యజమానికి ఇది పెద్ద లాభం. రైతు కంటితో చూస్తే అదే మూడు గ్రాముల నత్రజని ఆరున్నర గ్రాముల యూరియాలో దొరుకుతుంది. అంటే ఒక్క గుప్పెడు యూరియా కోసం కిలోల కొద్దీ నాచు పెంచాలి. ఎరువు కోసమైతే దీన్ని పెంచడంలో అర్థం లేదు.

హైటెక్ సిటీ పక్కనే ఉన్న దుర్గం చెరువు కూడా ఈ సూత్రానికే లోబడి ఉంది. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువు అది. చుట్టూ కాలనీలు లేచి మురుగు చేరాక గుర్రపుడెక్క అల్లుకుంది. గుర్రపుడెక్క నీళ్లలోని నత్రజనిని, భాస్వరాన్ని బాగానే పీల్చుకుంటుంది. తీసి దూరంగా తరలిస్తే చెరువుకు మేలు. తీసి గట్టు మీదే కుప్ప పోస్తే కుళ్లిన రసమంతా వానకు మళ్లీ చెరువులోకే దిగుతుంది. మన ఊరి కుంటల్లో ఉపాధి పనుల కింద గుర్రపుడెక్క తీయించేటప్పుడు కూడా ఇది చూసుకోవాలి.

పెంచి అమ్మవచ్చా?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. సూటిగా చెప్పాలంటే చిన్న రైతుకు ఇది గిట్టదు. కారణాలు వింటే మీకే తెలుస్తుంది.

మొదటిది గిరాకీ. పాలకూర కొన్న ఇల్లాలు రెండు రోజులకు మళ్లీ కొంటుంది. నాచు కొన్నవాడు గుప్పెడు కొంటాడు. రెండు నెలలు తిరిగేసరికి అది తొట్టి నిండిపోతుంది. ఆ తర్వాత అతను మళ్లీ కొనడు సరికదా, పెరిగినదాన్ని తోటివాళ్లకు ఊరికే పంచిపెడతాడు. కొన్న ప్రతివాడూ పెంచేవాడైపోయే సరుకు ఇది. ఉప్పునీటి అక్వేరియం పెట్టగలిగేవాళ్లు నగరంలోనూ కొద్దిమందే.

రెండోది ఖర్చు. 25 వాట్ల దీపం రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు పదిన్నర యూనిట్లు. పది తొట్లకు 105 యూనిట్లు. ఇది దీపాలకే. పంపులు వేరే. దీపం వద్దు, ఎండలోనే షేడ్‌నెట్ కింద పెంచుతామంటారా? వెలుతురుకు లోటుండదు. కానీ ఈ నాచులకు 24 నుంచి 27 డిగ్రీల నీళ్లు నప్పుతాయి. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటే ఎండలో సిమెంటు తొట్టి నీళ్లు వేడెక్కితే నాచు మెత్తబడి పోతుంది. పైగా ఆ కాలంలో రోజుకు సెంటీమీటరు నీళ్లు ఆవిరైపోవడం మామూలే. ఉప్పు మాత్రం ఆవిరి కాదు. 30 సెంటీమీటర్ల లోతు తొట్టిలో ఐదు రోజులు నీళ్లు పోయకపోతే లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు 42కు చేరుతుంది. తగ్గిన నీళ్లకు బదులు ఉప్పునీళ్లు పోస్తే ఇంకా పెరుగుతుంది. మంచినీళ్లే పోయాలి, అవీ ఆర్‌ఓ నీళ్లు. మన బోరు నీళ్లను ఆర్‌ఓ మిషన్‌లో పోస్తే చాలా వరకు వృథాగా బయటికి పోతాయి. తాగడానికే ట్యాంకర్ కోసం చూసే ఊళ్లలో ఇది సాగే పనేనా?

సముద్రపు నాచు సాగు అసలు లేదని కాదు. తమిళనాడులో రామనాథపురం తీరాన వెదురు తెప్పలకు కప్పాఫైకస్ అనే నాచు ముక్కలు కట్టి, 45 రోజులకు ఒకసారి కోస్తారు. మత్స్యకార మహిళలు ఎక్కువగా ఈ పని చేస్తారు. ఐస్‌క్రీముల్లో, మందుల్లో వాడే క్యారాజినన్ అనే చిక్కటి పదార్థం దాని నుంచి వస్తుంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నాచు సాగుకు 640 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ పథకం వ్యవహారాలు చూసే జాతీయ మత్స్య అభివృద్ధి మండలి కార్యాలయం 2006 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. అయితే ఆ సాగులో ఎండ, ఉప్పు, నీళ్లు, అలల కదలిక అన్నీ సముద్రమే ఇస్తుంది. మనం ఇక్కడ ప్రతి ఒక్కటీ కొనుక్కోవాలి. కార్యాలయం మన దగ్గరుంది గానీ సముద్రం లేదు.

కాబట్టి "తొట్లు మేమే ఇస్తాం, నాచు మేమే కొంటాం, లక్ష కట్టండి" అని ఎవరైనా వస్తే జాగ్రత్త. ఈము పక్షుల విషయంలో కూడా తిరిగి కొంటామన్న మాట మీదే అప్పులు చేశారు. 2012 వచ్చేసరికి కొనేవాళ్లు లేక పక్షులను మేపలేక వదిలేసిన షెడ్లు మన జిల్లాల్లో చాలామంది చూశారు. ఒప్పందం చేసుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: మీరు కొన్నది మళ్లీ ఎవరికి అమ్ముతారు? ఆ కొనేవాళ్లు కంటికి కనిపించాలి. పెంచేవాళ్లకే మళ్లీ పిల్ల అమ్మడం తప్ప ఇంకో గిరాకీ లేకపోతే చేతులు కాలడం ఖాయం.

నాచుతో పాటు పగడపు ముక్కలు కూడా అమ్మిపెట్టమని ఎవరైనా అడిగినా ఒప్పుకోవద్దు. పగడాలను, సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూలులో చేర్చారు. తెలియక చేశామంటే కేసు ఆగదు.

ఇంకో రకం బేరగాళ్లూ ఉన్నారు. సముద్రపు నాచు రసం సీసాలు పట్టుకుని వచ్చి, ఇది కొడితే యూరియా, డీఏపీ అక్కర్లేదంటారు. పైన లెక్క చూశారు కదా, నాచులో ఉన్న నత్రజని ఎంతో. నాచు రసం పైరుకు కొంత ఊపునిచ్చే మందే గానీ ఎరువుకు బదులు కాదు. 2021 నుంచి ఇలాంటి జీవ ఉత్తేజకాలను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. బిల్లు లేకుండా కొనవద్దు. కొన్నా ముందు నాలుగు సాళ్లకు కొట్టి, కొట్టని సాళ్లతో పోల్చి చూసుకోండి.

ఉప్పునీళ్లు చేలోకి రానీయవద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. అక్వేరియం నుంచి తీసిన నీళ్లలో నైట్రేట్ ఉంది కదా, మొక్కలకు మంచిదే కదా అని కొందరు డ్రమ్ముల్లో తెచ్చి పోయాలనుకుంటారు. వెయ్యి లీటర్ల ఆ నీళ్లలో 35 కిలోల ఉప్పు ఉంటుంది. సాగునీటి లవణ సాంద్రత మూడు దాటితేనే చాలా పైర్లు దెబ్బతింటాయి. సముద్రపు నీటిది 50 దాకా ఉంటుంది. నాలుగైదు డ్రమ్ములు ఒకేచోట పోస్తే ఆ మడి చౌడు బారుతుంది. చౌడు బాగు చేయడానికి జిప్సం, మంచినీళ్లు, ఏళ్లు పడతాయి. నాచును కంపోస్టులో వేయాలన్నా ముందు మంచినీళ్లలో రెండు మూడుసార్లు జాడించి వేయాలి. ఆ కడిగిన నీళ్లు కూడా బావి వైపు పోకూడదు.

కోస్తాలో చుట్టాలున్నవాళ్లు ఈ నాచును అక్కడి కాలువల్లో వేసి చూద్దామనుకోవద్దు. 1984లో మొనాకో దగ్గర మధ్యధరా సముద్రంలో అక్వేరియం నుంచి బయటపడిన కాలర్పా ముక్క ఒకటి చదరపు మీటరు జాగా నుంచి వేల హెక్టార్లకు పాకి అక్కడి సముద్రపు గడ్డిని మింగేసింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2000లో ఇదే నాచు కనిపిస్తే టార్పాలిన్లు కప్పి, లోపలికి క్లోరిన్ ఎక్కించి, ఆరేళ్లు కష్టపడి వదిలించుకున్నారు. మన దేశంలోనే మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి దగ్గర కప్పాఫైకస్ పగడాల మీదికి పాకిన సంగతి 2008లో బయటపడింది. వయ్యారిభామను చూసిన రైతుకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

మన పెరటికి అజొల్లా

దీపం లేకుండా, ఉప్పు లేకుండా, ఇదే పద్ధతిలో మన పెరట్లో పెంచుకోదగ్గది అజొల్లా. రెండు పశువులున్న ఇంటికి ఇది పనికొస్తుంది. రెండుంబావు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పుతో గుంటలా ఇటుకలు పేర్చి సిల్పాలిన్ పట్టా పరచాలి. జల్లించిన మట్టి 10 నుంచి 15 కిలోలు వేయాలి. రెండు కిలోల పేడను పది లీటర్ల నీళ్లలో కలిపి పోసి, 30 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ వేయాలి. నీళ్లు జానెడు లోతుకు మించనక్కర్లేదు, పది సెంటీమీటర్లు చాలు. అర కిలో నుంచి కిలో అజొల్లా చల్లితే 10, 15 రోజుల్లో గుంట నిండుతుంది. ఆ తర్వాత రోజూ అర కిలో దాకా తీసుకోవచ్చు.

అక్వేరియం నాచుకూ దీనికీ ఒక తేడా ఉంది. నాచు నీళ్లలోని నత్రజని మీద బతుకుతుంది. అజొల్లా ఆకులో కాపురముండే అనబీనా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనినే పట్టి ఇస్తుంది. అందుకే దీనికి యూరియా అక్కర్లేదు. కావలసింది భాస్వరం. ఐదు రోజులకోసారి 20 గ్రాముల సూపర్, కిలో పేడ కలిపి వేస్తుండాలి. అదే కారణంగా, చేపల గుంట నీళ్లు శుభ్రం కావాలనుకుంటే అజొల్లా కన్నా, ఆవగింజ కంటే కాస్త పెద్ద ఆకులతో నీళ్ల మీద పరుచుకునే డక్‌వీడ్ మేలు. అది నీళ్లలోని నత్రజనినే తింటుంది.

వెలుతురు సంగతిలో మాత్రం రెండూ ఒకటే. ఎండలో సగం చాలు. చెట్టు నీడలో గానీ 50 శాతం షేడ్‌నెట్ కింద గానీ గుంట పెట్టుకోవాలి. పూర్తి ఎండలో అజొల్లా ఇటుక రంగుకు తిరుగుతుంది. నీడలో ఉన్నా ఎర్రబడుతుంటే భాస్వరం చాలలేదని అర్థం. దట్టంగా పేరుకుంటే కిందిది వెలుతురు లేక కుళ్లుతుంది, కాబట్టి పశువుకు అవసరం లేని రోజు కూడా తీసి కోళ్లకు వేయండి. పది రోజులకోసారి పావు వంతు నీళ్లు, నెలకోసారి ఐదు కిలోల మట్టి మార్చాలి. మేపే ముందు పేడ వాసన పోయేలా జల్లెడలో వేసి కడిగి, దాణాలో కలిపి మెల్లగా అలవాటు చేయాలి. విత్తనపు అజొల్లా కోసం దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, పశువైద్యశాలలో గానీ అడగండి. గుంటలోంచి తీసిన పాత నీళ్లలో ఉప్పు లేదు కాబట్టి వాటిని నిశ్చింతగా కొత్తిమీర మడికి పారించుకోవచ్చు.